ఆకాశం కింద టేబుల్ వేయాలంటే: రెస్టారెంట్, బార్ పాటియోకు సమగ్ర మార్గదర్శి

పాటియో, అంటే ఆరుబయట కూర్చుని తినే చోటు, పెడదామనుకోగానే చాలామంది మొదట తెరిచేది ఫర్నిచర్ కేటలాగ్. ఆ గొడుగులు, పేము కుర్చీలు, దీపాల తోరణాలు చూస్తే మనసు లాగుతుంది. కానీ కుర్చీలు కొనే రోజు ఈ పనిలో చాలా ఆలస్యంగా రావాలి. ఆరుబయట వేసిన టేబుల్ నిలిచేది ఎండ, గాలి, వాన నీరు, సర్వర్ నడిచే దూరం, ఈ నాలుగింటి మీద. ఇవి కుదిరితే మామూలు కుర్చీలో కూడా జనం రెండు గంటలు కూర్చుంటారు. కుదరకపోతే ఎంత ఖరీదైన సోఫా అయినా ఖాళీగా ఎండుతుంది. అందుకే ఇక్కడ పనులన్నీ ఆ వరుసలోనే చెబుతున్నాను.

1. ముందు మీరే అక్కడ కూర్చోండి

ఒక మడత కుర్చీ తీసుకెళ్లి ఆ ఖాళీ స్థలంలో వారం రోజుల పాటు వేర్వేరు వేళల్లో కూర్చోండి. మీ రెస్టారెంట్ తెరిచి ఉండే ప్రతి గంటకూ నీడ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీసి, పక్కన సమయం రాయండి. ఏడాది పొడవునా సూర్యుడు ఒకే దారిలో నడవడు కాబట్టి, ఏ తేదీన ఎండ ఎటునుంచి పడుతుందో చూపించే ఫోన్ యాప్ ఒకటి దగ్గర పెట్టుకుంటే మిగతా నెలల సంగతీ తెలుస్తుంది.

నేనొకసారి ఒక మూల చూసి మురిసిపోయాను. మధ్యాహ్నం పన్నెండుకు అక్కడ చల్లటి నీడ. నాలుగు టేబుళ్లు అక్కడే అని మనసులో అనేసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ వెళ్లి కూర్చుంటే పడమటి ఎండ గొడుగు కిందనుంచి వాలుగా వచ్చి నేరుగా కళ్లలో పడింది. చేతిలోని స్పూను మెరిసి ఎదుటి మనిషి మొహం కనబడలేదు. వాలు ఎండను గొడుగు ఆపలేదు. దానికి పక్కనుంచి అడ్డు కావాలి. తీగ పాకిన జాలీ, కిందికి దించే తెర, లేకపోతే చెట్టు. ఆ నాలుగు టేబుళ్లూ భవనం తూర్పు గోడ పక్కకు మారాయి.

గాలి కోసం నాలుగు మూలలా కర్రలు పాతి, కూర్చున్న మనిషి భుజం ఎత్తులో రిబ్బన్ ముక్కలు కట్టండి. రెండు భవనాల మధ్య సందు ఉంటే అక్కడ రిబ్బన్ ఎప్పుడూ ఎగురుతూనే ఉంటుంది. అక్కడ టేబుల్ వేస్తే నాప్‌కిన్లు, మెనూ కార్డులు పక్క టేబుల్ మీద తేలతాయి. కిచెన్ ఎగ్జాస్ట్ గొట్టం ఎటు వదులుతోంది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల వేడిగాలి ఎవరి వీపుకు తగులుతోంది, చెత్త డబ్బాల వాసన ఏ వేళకు వస్తోంది, ఇవన్నీ కూర్చుంటేనే తెలుస్తాయి. వాన పడి వెలిసిన అరగంటకు వెళ్లి, నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫోటో తీసి పెట్టుకోండి. తాపీ మేస్త్రితో మాట్లాడేటప్పుడు ఆ ఫోటో కన్నా గట్టి ఆధారం ఉండదు.

2. అనుమతులు

ఇది ఊరిని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఏం అడగాలో మాత్రం చెబుతాను. స్థల యజమాని నుంచి రాతపూర్వక ఒప్పుదల. స్థానిక సంస్థ నుంచి ఆరుబయట సీటింగ్ అనుమతి. కాలిబాట అయితే పాదచారులకు ఎంత వెడల్పు వదలాలో కూడా. అగ్నిమాపక శాఖ నిబంధనలు, ముఖ్యంగా అత్యవసర ద్వారం ముందు, హైడ్రంట్ (మంటలార్పే నీళ్ల కుళాయి) చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో. మద్యం వడ్డిస్తే మీ లైసెన్సులో చూపిన హద్దు బయటి స్థలాన్ని కలుపుకుంటుందో లేదో. కలవకపోతే గ్లాసు గుమ్మం దాటడమే నేరం కావచ్చు. పొగతాగడం మీద, రాత్రి సంగీతం మీద నియమాలు. చివరగా, మీ బీమా బయట జరిగే ప్రమాదాలకు వర్తిస్తుందా అన్నది. ఇవి చేతికి రాకముందు నేల తవ్వొద్దు.

3. కిచెన్ మోయగలదా?

వాతావరణం బాగున్న సాయంత్రం లోపలా బయటా ఒకేసారి నిండుతాయి. బయట 30 సీట్లు వేశారంటే, అసలే రద్దీగా ఉన్న గంటలోనే కిచెన్ మీద ఇంకో 30 ఆర్డర్లు పడతాయన్న మాట. ఇప్పటికే రద్దీ వేళ ఆర్డర్ రావడానికి అరగంట దాటుతుంటే, పాటియో మీ పేరు పెంచదు, చెడగొడుతుంది. బయటికి చిన్న మెనూ పెట్టడం ఒక మంచి దారి. త్వరగా తయారయ్యేవి, చల్లారినా రుచి చెడనివి, గాలికి ఎగిరే అలంకరణ లేనివి ఎంచుకోండి. గ్లాసులు, ప్లేట్లు, ఐస్, గిన్నెలు కడిగే సామర్థ్యం కూడా అదే లెక్కలో చూడాలి.

తర్వాత ఒక పరీక్ష చేయండి. వేడి వంటకం ఒకటి ప్లేట్‌లో పెట్టించి, థర్మామీటర్ గుచ్చి, కిచెన్ నుంచి అన్నింటికన్నా దూరపు టేబుల్ దాకా సర్వర్ మామూలు వేగంతో నడవమనండి. మీరు వెనకే వెళ్లి అడుగులు లెక్కపెట్టండి, ఎన్ని తలుపులు తెరవాలో, ఎన్ని మెట్లు దిగాలో రాసుకోండి. గాలిలో పలుచటి ప్లేట్ ఎంత తొందరగా చల్లారుతుందో చూసి ఆశ్చర్యపోతారు. వేడివి 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లటివి 5 డిగ్రీలకు కింద ఉంచడం ఆహార భద్రతలో పాత సూత్రం. బయట బఫే పెట్టేవాళ్లు దీన్ని అసలు మరవకూడదు. రెండు చేతులా ట్రే పట్టుకున్న మనిషి తలుపు లాగలేడు, అందుకని తోస్తే రెండువైపులా తెరుచుకునే తలుపు పెట్టించండి. గుమ్మం దగ్గర చిన్న మెట్టు ఉంటే దాన్ని వాలుగా మార్చండి.

బయటే ఒక సర్వీస్ స్టేషన్ తప్పనిసరి. నీళ్ల జగ్గులు, చెంచాలు, నాప్‌కిన్లు, ఎంగిలి ప్లేట్ల టబ్బు, బిల్లింగ్ మెషిన్, తడి గుడ్డ అందులో ఉండాలి. ఒక చెంచా కోసం సర్వర్ 40 అడుగులు వెళ్లి రాకూడదు. పాతిక సీట్లకు ఒక స్టేషన్ అన్నది నేను పాటించే లెక్క. బిల్లింగ్ మెషిన్‌కు వైఫై అక్కడిదాకా అందుతుందో లేదో కూడా ఈ రోజే చూసేయండి. గోడ అడ్డం వచ్చి సిగ్నల్ పోవడం మామూలే.

4. నేల మీద గీతలు గీయండి

కొలతలు కాగితం మీద వేసినా, అసలు నిజం నేల మీద తేలుతుంది. సుద్దతోనో టేపుతోనో ప్రతి టేబుల్‌ను అసలు కొలతలో గీయండి. ఒక్కో మనిషికి టేబుల్ అంచు 60 సెం.మీ. కావాలి. టేబుల్ ఎత్తు 72 నుంచి 76 సెం.మీ., కుర్చీ కూర్చునే ఎత్తు 43 నుంచి 46. రెండింటి మధ్య 28-30 సెం.మీ. తేడా ఉంటేనే మోకాళ్లకూ మోచేతులకూ హాయి. టేబుల్ ఒకచోట, కుర్చీలు ఇంకోచోట కొన్నప్పుడు తప్పేది ఇక్కడే.

సర్వర్ నడిచే దారి కనీసం 90 సెం.మీ. వీపు వీపు ఆనించి కూర్చునేచోట మధ్యలోంచి సర్వర్ వెళ్లాలంటే రెండు టేబుళ్ల అంచుల మధ్య మీటరున్నర వదలండి. చక్రాల కుర్చీ తిరగడానికి 150 సెం.మీ. వ్యాసం ఉన్న ఖాళీ కావాలి. ఆ టేబుల్ కింద మోకాళ్లకు దాదాపు 70 సెం.మీ. ఎత్తు ఖాళీ ఉండాలి. మెట్టు ఉన్నచోట ర్యాంపు 1కి 12 వాలులో వేయాలి, అంటే 15 సెం.మీ. మెట్టుకు 180 సెం.మీ. పొడవు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లను ఎప్పుడూ అంచున ఒకే టేబుల్‌కు పంపే ఏర్పాటు చేయకండి. కనీసం రెండు మూడు చోట్ల వాళ్లకు ఎంచుకునే వీలుండాలి.

సీట్ల లెక్కకు ఒక ఉదాహరణ. 10 మీటర్లు x 6 మీటర్ల స్థలం 60 చదరపు మీటర్లు. దారులతో కలిపి మనిషికి 1.5 నుంచి 1.8 చదరపు మీటర్లు అనుకుంటే 33 నుంచి 40 సీట్లు వస్తాయి. సర్వీస్ స్టేషన్, కుండీలు తీసేస్తే 30 దగ్గర ఆగడం మంచిది. ఆ 40 కోసం ఆశపడితే ప్రతి కుర్చీ లాగినప్పుడూ వెనకాయన సర్దుకోవాల్సి వస్తుంది. ఎక్కువ టేబుళ్లు ఇద్దరివే ఉంచి, నలుగురు వస్తే రెండు కలిపేలా ఒకే వెడల్పు, ఒకే ఎత్తులో కొనండి.

గీతలు గీశాక సిబ్బందిని పిలిచి, ఖాళీ ట్రేలతో ఓ పావుగంట నడవమనండి. ఎవరెక్కడ ఒకరికొకరు తగులుతున్నారో చూసి గీతలు చెరిపి మళ్లీ గీయండి. ఈ పావుగంట మిగతా ఖర్చంతటినీ కాపాడుతుంది.

5. నేల

నేల వేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీని కింద నుంచి ఏమేం వెళ్లాలి? కరెంటు, నీళ్లు, డ్రైనేజీ, స్పీకర్ తీగలు. అన్నిటికీ పైపులు ముందే వేయండి, రెండు పైపులు ఖాళీగా కూడా వదలండి, రేపటి అవసరానికి. రాళ్లు పరిచాక ఎలక్ట్రీషియన్ వచ్చి కట్టర్‌తో కోయడం నేను చూశాను. కొత్త నేల మీద పడ్డ ఆ అతుకు ఏం చేసినా పోలేదు.

తర్వాత వాలు. నీళ్లు భవనానికి దూరంగా పోవాలి. మీటరుకు 1 నుంచి 2 సెం.మీ. వాలు చాలు. పాటియోకు నేను మీటరుకు ఒకటిన్నర దాటనివ్వను, ఎందుకంటే మీటరుకు 2 సెం.మీ. వాలు ఉంటే 75 సెం.మీ. టేబుల్ ఒక అంచు రెండో అంచు కన్నా ఒకటిన్నర సెం.మీ. కిందికి ఉంటుంది. గ్లాసులో నీళ్లు ఒక పక్కకు ఒరిగి కనిపిస్తాయి, నిమ్మకాయ దొర్లిపోతుంది. మేస్త్రి రసమట్టం పెట్టి చూపించేదాకా ఒప్పుకోకండి. అంతా అయ్యాక రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి.

పేవర్ బ్లాకులు వేస్తుంటే కింద 10 నుంచి 15 సెం.మీ. కంకర పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టించాలి, పైన రెండున్నర సెం.మీ. ఇసుక. దిమ్మిస సరిగా పడకపోతే మొదటి వానాకాలానికే అక్కడక్కడా కుంగి, టేబుల్ కాళ్లు ఊగుతాయి. కాంక్రీటు అయితే 10 సెం.మీ. మందం, రెండున్నర మూడు మీటర్లకో జాయింటు కోయించండి, లేకపోతే పగుళ్లు వాటికి తోచిన దారిలో వస్తాయి. టైల్ వేస్తే గరుకుది, ఆరుబయట వాడేది అని కచ్చితంగా అడిగి తీసుకోండి. నున్నటి టైల్ మీద నూనె చుక్క, దానిమీద వాన చుక్క, దానిమీద ట్రేతో సర్వర్ కాలు. రాళ్ల మధ్య వెడల్పాటి సందులు వదిలితే హీల్స్ వేసుకున్నవాళ్లూ చేతికర్ర పట్టుకున్నవాళ్లూ ఇబ్బంది పడతారు.

మేడ మీద అయితే ఒక మాట. మట్టి నింపి తడిపిన 100 లీటర్ల కుండీ దాదాపు 150 కిలోలు ఉంటుంది. అలాంటివి పది వరుసగా పెట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాలి. పిట్టగోడ కనీసం 1.1 మీటరు ఉండాలి. దాని పక్కన ఎక్కడానికి వీలైన బెంచీలు వేయకూడదు.

6. నీడ, వేడి, చల్లదనం

గొడుగును జనం నీడ అనుకుంటారు, గాలి దాన్ని తెరచాప అనుకుంటుంది. 2.7 మీటర్ల గొడుగు విప్పితే దాదాపు 5.7 చదరపు మీటర్ల గుడ్డ. గాలి వేగం రెట్టింపయితే దానిమీద పడే తోపు నాలుగు రెట్లవుతుంది. అందుకే దిమ్మ బరువులో పొదుపు చేయకండి. మధ్య కర్ర ఉన్న గొడుగుకు 40 కిలోలకు తగ్గకుండా, పక్క కర్ర మీద వేలాడే గొడుగుకు తయారీదారు చెప్పినంత. అది తరచూ 100 కిలోలు దాటుతుంది. నేలలో బోల్టు వేసి బిగించగలిగితే అంతకన్నా మేలు లేదు. పైన గాలి పోయే చీలిక ఉన్నదే కొనండి. ఆకులు కదలడం దాటి కొమ్మలు ఊగడం మొదలైతే గొడుగులన్నీ మూయాలి, ఎవరు మూస్తారో ప్రతి షిఫ్ట్‌లో ఒక పేరు ఉండాలి. గొడుగు ఊచల కింద 2.1 మీటర్ల ఎత్తు వదిలితే తలలకు తగలవు.

చలికాలపు గ్యాస్ హీటర్లు మూసిన టెంటులో వాడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గాలి ఇటునుంచి అటు పోయే తెరిపి లేనిచోట వాటిని వెలిగించకండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది, లీకయితే పల్లానికి దిగుతుంది కాబట్టి సిలిండర్లు నేలమాళిగలోనో, డ్రైనేజీ గుంట పక్కనో పెట్టకూడదు. గుడ్డ పందిరి ఉన్నచోట గోడకు బిగించే ఎలక్ట్రిక్ ఇన్‌ఫ్రారెడ్ హీటర్ నాకు ఎక్కువ నచ్చుతుంది. అది గాలిని వదిలేసి నేరుగా మనిషిని వేడి చేస్తుంది. అయితే దానికీ గుడ్డకూ మధ్య తయారీదారు చెప్పిన దూరం ఉండాల్సిందే.

ఎండాకాలానికి నీటి తుంపర యంత్రాలు పొడి గాలిలో అద్భుతంగా పనిచేస్తాయి, ఉక్కపోతలో ఏ మాత్రం పనికిరావు. నీరు ఆవిరైతేనే కదా చల్లదనం. పైగా గొట్టాల్లో నిలిచిన గోరువెచ్చటి నీళ్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. కొన్ని రోజులు వాడకపోతే నీళ్లు పూర్తిగా వదిలి కడిగాకే వాడాలి. తేమ ఎక్కువున్న చోట పెద్ద ఫ్యాన్లు పెట్టడమే సరైన పని.

7. ఇప్పుడు కుర్చీలు

పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం తుప్పు పట్టదు, తేలిక, కానీ గాలికి పడిపోతుంది. ఇనుము కదలదు, కోటింగ్ గీసుకుపోయిన చోటనుంచి తుప్పు మొదలవుతుంది, అదీ ఎక్కువగా కాళ్ల అడుగున, కంటికి కనబడనిచోట. టేకు ఎన్నేళ్లయినా నిలుస్తుంది. నూనె పట్టించకపోతే బూడిద రంగుకు తిరుగుతుంది, బలం మాత్రం తగ్గదు. ముదురు రంగు లోహపు కుర్చీ మధ్యాహ్నం ఎండలో కాలిపోతుంది. టేబుల్ పైభాగానికి మామూలు ప్లైవుడ్ వద్దు, అంచుల్లోంచి నీళ్లు తాగి ఉబ్బుతుంది. కాంపాక్ట్ లామినేట్ (కాగితపు పొరలను రెసిన్‌తో నొక్కి చేసిన గట్టి పలక) మంచిది.

నలభై కొనే ముందు ఒక్కటి కొనండి. నెల రోజులు ఎండలో వానలో బయటే వదిలేయండి. గొట్టపు కాళ్లలో నీళ్లు నిలుస్తున్నాయా, బోల్టులు తుప్పు పడుతున్నాయా చూడండి. ఆ కుర్చీలో గంటన్నర కూర్చుని భోజనం కూడా చేయండి. మెత్తలు కావాలంటే ముందు వాటిని రాత్రి ఎక్కడ దాచాలో తేల్చుకోండి. చోటు లేకపోతే మెత్తలు లేకుండానే హాయిగా ఉండే కుర్చీ వెతకండి.

ఊగే టేబుల్ గురించి చెప్పకుండా ఉండలేను. నాప్‌కిన్ నాలుగు మడతలు పెట్టి కాలి కింద దూర్చడం, అది తడిసి నలిగి మళ్లీ ఊగడం, గ్లాసు తొణకడం. ఇది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే మందు చాలా చిన్నది. తిప్పితే ఎత్తు మారే మరకాళ్లున్న టేబుళ్లు కొని, ప్రతిదాన్ని దాని చోట పెట్టి సరిచేసి, నేల మీద చిన్న గుర్తు వేయండి. మూసేటప్పుడు తీసిన టేబుల్ మర్నాడు అదే గుర్తు మీదికి రావాలి.

8. దీపాలు, శబ్దం

వెచ్చటి పసుపు వెలుగు, 2700 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత, బల్బు డబ్బా మీద ఉంటుంది) లేదా ఇంకా తక్కువ. భోజనం బాగా కనిపిస్తుంది, తెల్లటి నీలి వెలుగు కన్నా పురుగులు తక్కువ వస్తాయి. ఒక పెద్ద ఫ్లడ్ లైటు కన్నా చాలా చిన్న దీపాలు మేలు. తోరణం దీపాలను వాటి తీగ మీదే వేలాడదీయొద్దు. స్టీలు తీగ బిగించి దానికి కట్టాలి. మెట్ల అంచులకు, ర్యాంపుకు విడిగా వెలుగు ఇవ్వండి. మీ సిబ్బందిలో కళ్లజోడు పెట్టుకునే పెద్దవారిని రాత్రి ప్రతి టేబుల్ దగ్గరా కూర్చోబెట్టి మెనూ చదవమనండి.

తడిసే చోట ఐపీ65, కప్పు కింద కనీసం ఐపీ44 ఉన్న దీపాలు, ప్లగ్గులు (దుమ్మును, నీటిని ఎంత ఆపుతాయో ఈ ఐపీ అంకె చెబుతుంది). బయటి సర్క్యూట్ మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని ఇది. ఎక్స్‌టెన్షన్ తీగ నేలమీద దారికి అడ్డంగా ఒక్క రోజు కూడా పడి ఉండకూడదు.

ఆరుబయట ఒకే స్పీకర్ నుంచి దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఒక మూల పెద్ద స్పీకర్ పెడితే దగ్గరివాళ్లు అరిచి మాట్లాడుకుంటారు, దూరంవాళ్లకు వినబడదు. చిన్న స్పీకర్లు ఎక్కువ చోట్ల, తక్కువ శబ్దంతో, లోపలివైపు తిప్పి పెట్టండి. పక్కింటి వాళ్ల పడకగది కిటికీ ఎటుందో ముందే కనుక్కుని, వాళ్లకు మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి.

9. దోమలు, మొక్కలు

వెచ్చటి రోజుల్లో దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. కాబట్టి కుండీల కింది పళ్లాలు, గొడుగు దిమ్మల గుంటలు, డ్రైనేజీ జాలీలు వారానికొకసారి ఎవరో ఒకరు ఒంపి ఆరబెట్టాలి. దోమ బలహీనంగా ఎగురుతుంది, అందుకే టేబుళ్ల కింది ఎత్తులో తగిలేలా పెట్టిన ఫ్యాన్ గాలి దాన్ని నిలవనివ్వదు.

కుండీలు హద్దుగా పెడితే 75 నుంచి 90 సెం.మీ. ఎత్తు బాగుంటుంది, కూర్చున్నవాళ్లకు చాటు, నిలబడ్డ సర్వర్‌కు చూపు. ముళ్లవి, ఆకులు రాల్చేవి, తేనెటీగలు ముసిరే పూలవి కుర్చీ పక్కన వద్దు. గన్నేరు చూడటానికి ముచ్చటగా ఉన్నా మొక్కంతా విషమే, పిల్లలు వచ్చేచోట అసలు పెట్టొద్దు.

10. బార్ కౌంటర్ బయటే ఉంటే

కౌంటర్ ఎత్తు 105 నుంచి 110 సెం.మీ., స్టూలు 75, ఒక్కో స్టూలుకు 60 సెం.మీ. చోటు, లోపల బార్‌టెండర్ తిరగడానికి 90. చేతులు కడిగే సింకు, కరిగిన ఐస్ నీళ్లు పోయే గొట్టం లేని బార్ మొదటి రద్దీకే ఆగిపోతుంది. సీసాలు నేరుగా ఎండ తగిలేచోట పెట్టకండి. ఐస్ డబ్బాకు మూత, ఐస్ తీయడానికి గరిట. గ్లాసుతో ఐస్ తోడితే అంచు విరిగి ముక్క అందులో పడొచ్చు, అప్పుడు డబ్బా మొత్తం పారబోయాల్సిందే.

11. వాన పడితే

బయట ఎంతమంది కూర్చుంటారో, వాళ్లలో ఎంతమందికి లోపల చోటివ్వగలరో ముందే లెక్క వేసుకోండి. లోపల చోటు ఇవ్వలేనన్ని బయటి టేబుళ్లకు ముందస్తు బుకింగ్ తీసుకోకండి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఇవ్వండి. కూర్చోబెట్టేటప్పుడే వాన వస్తే లోపల చోటు ఉండకపోవచ్చని చెప్పండి. మొదటి చినుకు పడ్డప్పుడు ఎవరు ప్లేట్లు తీస్తారు, ఎవరు బిల్లు పట్టుకెళ్తారు, ఎవరు మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్తారు అన్నది రాసి సర్వీస్ స్టేషన్‌లో అంటించండి. ఒక పొడి రోజున దీన్ని నిజంగా చేసి చూడండి. పిడుగు శబ్దం వినిపిస్తే వాన పడకపోయినా అందరినీ లోపలికి తీసుకెళ్లాలి.

12. తెరిచే వారం

బయటి టేబుళ్లకు లోపలి వాటితో కలవని నంబర్లు ఇవ్వండి, 101 నుంచి మొదలుపెడితే కిచెన్‌లో తికమక ఉండదు. మొదటి వారం సగం టేబుళ్లే వేయండి. తెరిచే ముందు రోజూ చేయాల్సినవి: పక్షి రెట్టలు చూసి ప్రతి టేబుల్ తుడవడం, కుర్చీల అడుగు తడమడం, గొడుగులు విప్పి చూడడం, దీపాలన్నీ వెలిగించి ఆర్పడం. బోల్టులు వారానికొకసారి బిగించాలి.

ప్రతి రాత్రి మూశాక బయట పనిచేసిన సర్వర్లను కూర్చోబెట్టి, ఏ టేబుల్‌కు వెళ్లడం కష్టంగా ఉంది, ఏ టేబుల్‌వాళ్లు వేరేచోట కూర్చుంటామన్నారు, ఏ వస్తువు కోసం ఎక్కువసార్లు లోపలికి వెళ్లారు అని అడిగి రాసుకోండి. ఏడు రాత్రుల తర్వాత ఆ కాగితాలు పక్కపక్కన పెడితే రెండు మూడు టేబుల్ నంబర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ముందు వాటిని కదపండి, కొత్త చోట గుర్తులు వేయండి, ఆ తర్వాతే మిగతా సగం టేబుళ్లు బయటికి తీయండి.